ఫిల్మ్‌ల ప్రాణముంటది

కోకాపేటలో పదహారో అంతస్తు ఫ్లాట్. శనివారం పొద్దున. డైనింగ్ టేబుల్ మీద రెండు ఫొటో ప్రింట్లు. వాటికి చెరో పక్క సురేంద్ర, అతని భార్య యశస్విని.

“గీ మాత్రం దానికి పరీక్షా, యశా? కండ్లు మూసుకొని వాసన పట్టి చెప్త.”

“వాసన గీసన వద్దు. ఒకటి ఫిల్మ్ మీద తీసింది, ఒకటి డిజిటల్. ఏది ఏదో చెప్పు. తప్పు చెప్తే రేపు మా అన్న బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు ఇద్దరం పోవాలె.”

“ఒప్పు చెప్తే?”

“మధుకర్ అన్న పేరు ఇగ ఈ ఇంట్ల ఎత్తనే ఎత్తను.”

“మంచి బేరం. మీ అన్న పేరు వింటెనే నాకు ఫొటోషాప్ కనవడ్తది. పెండ్లి ఫొటోలు తీస్తె పిల్లను సున్నం కొట్టిన గోడ లెక్క చేస్తడు. నిలవడ్డది శంకర్‌పల్లి ఫంక్షన్ హాల్‌ల, వెనక స్విట్జర్లాండ్!”

“‘మీ అన్న’ ఏంది? నీకు బావ.”

“బావే. డిజిటల్ బావ.”

“నువ్వు మాత్రం? రీలు కడిగి కడిగి, ఆఖరికి స్కాన్ చేసి ఇన్‌స్టాల పెడ్తవ్. అప్పుడు డిజిటల్ కాదా?”

“నీకు తెల్వదు, ఊకో. ఇటియ్యి. ఈ బంతిపూలు... అబ్బబ్బ! డిజిటల్. గింత పసుపు దేవుడు గూడ పెట్టలే. మీ అన్న అసొంటోడే ఎవడో తీసిండు.”

“పక్కా?”

“పక్కా. ప్రాణం లేదు. ప్లాస్టిక్ దండ నయం.”

“సరే. రెండోది?”

“ఆగు. మాట్లాడకు.”

“నేనేం మాట్లాడలే.”

“ఈ గ్రెయిన్ చూడు యశా, సన్నటి ఇసుక చల్లినట్టు! వాన చూడు. నీడల నలుపు చూడు. డిజిటలోడు తలకిందులుగ తపస్సు చేసినా గిది రాదు. ఫిల్మ్‌ల ప్రాణముంటది.”

“అండ్ల మనిషి ముఖమే కనవడ్తలేదు.”

“కనవడొద్దు. అదే కళ. రెయిన్‌కోటు టోపీ, దించిన తల. ఎవడో కూలోడు. ఆ మూటను చూడు, చంటిబిడ్డను పట్టుకున్నట్టు ఎట్ల పట్టుకున్నడో. తాను తడిసినా ఫికర్ లేదు, మూట తడవొద్దు. పాపం, వాకిట్లకెళ్లే ఎవరో ఎల్లగొట్టిండ్రు. చూస్తెనే తెలుస్తలే?”

“తెలుస్తుంది. ఎల్లగొట్టినోడు ఎసొంటోడంటవ్?”

“రాతిగుండెగాడు! గంత వానల కుక్కనన్నా లోపలికి... ఏంది, గట్ల చూస్తవ్?”

“ఏం లే. ఎవరు తీసిండ్రంటవ్ దీన్ని?”

“ఎవరేంది? నేనే.”

“నువ్వా?”

“పోయిన వానల్ల, లింగంపల్లి స్టేషన్ కాడ. నా రీల్లకెళ్లే కొట్టేసి నాకే పరీక్ష పెడ్తున్నవా? నా చేతి పని నాకు తెల్వదా?”

“ఒట్టు?”

“నా కెమెరా మీద ఒట్టు.”

“శ్రావణంల గూడ గిట్లనే ఒట్టు వెట్టినవ్.”

“మల్ల మొదలువెట్టినవా?”

“నేను ఆఫీసుల ఉన్న. అన్న నాకు ఒడిబియ్యం తెస్తనన్నడు. ‘వచ్చి తిరిగిపోయిన’ అంటడు అన్న. ‘రానేలే’ అంటవ్ నువ్వు.”

“రాలే! బాత్రూం చీకటి చేసుకొని రీలు కడుగుతున్న. బెల్ మోగలే.”

“గేటుకాడికెళ్లి ఫోన్‌కు ఏం రాలే?”

“ఎన్నిసార్లు చెప్పాలె? రాలే, రాలే, రాలే! చెల్లెకు పుట్టింటి బియ్యం తేనోడు పైకెళ్లి అబద్ధాలు గూడనా? గసొంటోని ఇంటికి నేను రాను.”

“నీ మాట నమ్మి అన్నను నేను గూడ అబద్ధాలకోరని తిట్టిన. అప్పటిసంది నాతోని మాట్లాడ్తలేడు.”

“పీడ పోయింది. ఇగ చెప్పు, గెలిచిన్నా?”

“బంతిపూలు ఫిల్మ్.”

“ఏంది?”

“స్టూడియో పెట్టిన కొత్తల అన్న తీసిండు. రీలు తోనే. నెగెటివ్ గూడ ఉన్నది, చూస్తవా?”

“అయితె... రెండోది డిజిటలా? నడువ్! నేనే తీసిన అంటున్న గద!”

“నువ్వు తియ్యలే. చూసినవ్, అంతే. ఎవరన్నా వస్తే గేటుకాడ వాచ్‌మన్ నర్సయ్య డొక్కు ట్యాబ్‌తోని ఫొటో కొట్టి, లోపలికి పంపాల్నా వద్దా అని నీ ఫోన్‌కు పెడ్తడు గద, గా ఫొటో గిది, ఆ ట్యాబ్‌లకెళ్లే తీయించిన. ఆ మూటల ఉన్నయి నా ఒడిబియ్యం సురేంద్రా, నువ్వు ‘వద్దు’ అని నొక్కినవ్.”