జేబులున్న నిక్కరు

ఎంతా? మళ్ళీ చెప్పు. వంద మీటర్లు పదమూడున్నర సెకన్లా? అబ్బో! ఆ ఫోను అబద్ధం చెప్పదు కదా? సరే సరే, మూతి ముడవకు, నమ్మాను. ఇలా కూర్చో. ఎల్లుండి నీకు సెలక్షన్ అని మీ నాన్న ఫోన్ చేసి మరీ చెప్పాడు. ‘అన్నయ్యా, అమ్మాయి ఫుట్‌బాల్‌లో డిఫెన్సు ఆడుతోంది, గాలిలా పరిగెడుతుంది, నువ్వు నాలుగు మాటలు చెప్పు’ అని. నాలుగు మాటలట! నా మాటలు ఎప్పుడైనా నాలుగుతో ఆగాయా తల్లీ? మీ పెద్దమ్మ లోపల టీ పెడుతోంది, అది మరిగేలోపు మొదలుపెడితే సగమైనా అవుతుంది. గాలిలా అన్నారు కాబట్టి నీకు మా బామ్మర్ది గురించి చెప్పాలి. మీ పెద్దమ్మ తమ్ముడు, నీకు మావయ్య. నువ్వు పుట్టకముందే పోయాడు. అదిగో ఆ ఫోటో చూడు. అది కాదు, అది మా పెళ్ళిది, దాని పక్కది. పదకొండు మంది ఉన్నారా? ఎడమ చివర చేతులు జేబుల్లో పెట్టుకుని నవ్వుతున్నాడే, వాడే. ఆట నిక్కరుకి జేబులేంటి అంటావా? అక్కడికే వస్తున్నా. మధ్యలో పొడుగ్గా ఉన్నది నేను, గోలీని, గోలు కాసేవాణ్ణి. ఏంటా నవ్వు? అప్పుడు జుట్టుండేది.

వాణ్ణి అందరూ తుర్రు అనేవాళ్ళు. అసలు పేరు వాళ్ళమ్మకీ, బడి రిజిస్టరుకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. ఐసు ఫ్యాక్టరీలో పని. అప్పుడు ఇళ్ళల్లో ఫ్రిజ్జులెక్కడివి? పొద్దున్నే దిమ్మ తీసి, రంపపు పొట్టు అద్ది, గోనెపట్టాలో చుట్టి, భుజాన పెట్టుకుని మార్కెట్ వీధి ఈ చివర నుంచి ఆ చివర చేపల కొట్టు దాకా పరుగు. మిగతావాళ్ళు తోపుడుబండి మీద తోసుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ పోయేవాళ్ళు, వీధంతా తడి గీత. వీడు పోయిన దారిలో నాలుగు చుక్కలు కనపడితే గొప్ప. ‘నడిస్తే సగం ఐసు రోడ్డే తాగేస్తుంది బావా’ అనేవాడు. అప్పటికి వాడికి పదిహేడేళ్ళు. ఎడమ భుజం మీద చొక్కా ఎప్పుడూ తడే. ఆ బరువుతో అలా పరిగెత్తినవాడికి బరువు లేకపోతే ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఇక ఆటలో! డిఫెన్సులో వీడు, వెనకాల నేను. బావా బామ్మర్దులు కాపలా అని వెక్కిరించేవాళ్ళులే. అవతలి ఫార్వర్డు బంతి తీసుకుని వస్తుంటే వీడు అడ్డం వెళ్ళడే! గట్టు మీద ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాడు. ‘ఒరేయ్ తుర్రూ, పోయాడ్రా వాడు!’ అని జనం అరుస్తారు. వీడు తాపీగా తిరిగి, ‘పోనీ అన్నా, తెస్తా’ అంటాడు. అని తుర్రుమనేవాడు. నిజంగానే తెచ్చేవాడు! పది అంగల వెనక నుంచి వెళ్ళి వాడి కాలి దగ్గర నుంచి బంతి తీసుకుని, షికారుకెళ్ళి వచ్చినట్టు వచ్చేవాడు. జనం ఈలలు. నాకు మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి. ఇంటికొచ్చి మీ పెద్దమ్మతో అంటే, ‘మా తమ్ముడు కాబట్టి తెస్తున్నాడు, మీరైతే అక్కడే కూర్చుని టీ తాగేవారు’ అనేది. పెళ్ళయి ఏడాది కాలేదు, అప్పటికే ఆ నోరు.

మాకు ఆట నేర్పినాయన టైలర్ మాస్టారు. కుర్రతనంలో ఎక్కడో పెద్ద జట్టుకి ఆడాడట. పొట్టిగా ఉండేవాడు, మెడలో టేపు మైదానంలో కూడా తీసేవాడు కాదు. ఒకరోజు తుర్రుని పిలిచి, ‘ఒరేయ్, నువ్వు బ్రహ్మాండంగా పరిగెడుతున్నావ్. ఎందుకు పరిగెడుతున్నావో ఎప్పుడైనా ఆలోచించావా?’ అన్నాడు. వీడు పళ్ళికిలించాడు. ‘ఆలస్యమవుతోంది కాబట్టిరా వెధవా! నేను గుడ్డ తప్పు కత్తిరించి, ఆనక మిషను ఎంత జోరుగా తొక్కితే మాత్రం ఏం లాభం?’ వీడూరుకుంటాడా! ‘జోరుగా తొక్కితే తప్పు ఎవరికీ కనపడదు కదా మాస్టారూ’ అన్నాడు. మేమందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. టేపు తీసి వాడి నడుము కొలిచి, చీటీ మీద రాసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం కాగితంలో చుట్టి ఒక నిక్కరు తెచ్చాడు. రెండువైపులా జేబులు, ఇంత లోతు! ‘ఇది వేసుకో. చేతులు జేబుల్లో పెట్టుకుని ఆడు. నేను చెప్పేదాకా ప్రాక్టీసులో చెయ్యి బయటికి రాకూడదు. వచ్చిన ప్రతిసారీ నా కొట్లో పది కాజాలు కుట్టాలి’ అన్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని పరిగెత్తి చూడమ్మా నువ్వు. ఇప్పుడు కాదు, తర్వాత చూడు! బాతు నడిచినట్టుంటుంది. మొదటి రోజే మూడుసార్లు బోర్లా పడ్డాడు, ముక్కు గీరుకుపోయింది. మీ పెద్దమ్మ కొట్టు మీదకి యుద్ధానికి వెళ్ళింది. ‘నా తమ్ముణ్ణి ఆటకి పంపానా, తన్నులకి పంపానా?’ అని. ఆయన తల ఎత్తకుండా, ‘జాకెట్టు శుక్రవారం ఇస్తానమ్మా’ అన్నాడు. అంతే. ఇక ఆ వారం ఎన్ని కాజాలు కుట్టాడో! ఊళ్ళో సగం చొక్కాలకి వాడివే. ఒక్కదాంట్లో బొత్తాం దూరితే ఒట్టు. నాకొక చొక్కా ఉండేది, మీ పెద్దమ్మా నేనూ ఇద్దరం కుస్తీ పడితే గానీ గుండీ పట్టేది కాదు.

కానీ అమ్మాయ్, ఒక పదిహేను రోజులయ్యేసరికి ఏదో మారింది. పరిగెత్తలేడు కదా, మరి ఏం చేస్తాడు? చూడ్డం మొదలుపెట్టాడు. ‘బావా, వాడి మోకాలు చూస్తే చాలు, బంతి ఎటు పోతుందో ముందే ఉత్తరం రాసినట్టు తెలిసిపోతోంది’ అనేవాడు. రెండడుగులు ఇటు, ఒకడుగు అటు, అంతే. బంతి వచ్చి వాడి కాళ్ళకే తగిలేది, పెంపుడు కుక్కలాగా. నలభై రోజులకి ఎలా అయ్యాడంటే, మ్యాచి మొత్తం నాకు పని లేదు. గోలుపోస్టుకి ఆనుకుని ఆవలించేవాణ్ణి.

ఆ సమయంలోనే పిడుగులాంటి కబురు. ఐసు ఫ్యాక్టరీ నెలాఖరుకి మూసేస్తున్నారని. ఇంట్లో వాళ్ళమ్మకి కళ్ళు కనపడవు, సంపాదించేది వీడొక్కడే. ఇంకో పని ఏదీ అంటే ఏదీ లేదు. అదృష్టం చూడు, నగరంలో నూలు మిల్లుకి ఒక జట్టుంది. అందులో తీసుకుంటే మిల్లులో ఉద్యోగం, ఉండడానికి గది, అన్నీ ఇస్తారు. ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారు. తుర్రు పరుగు గురించి ఎవరో చెబితే, రైల్వే స్టేషను జట్టుతో మా మ్యాచి రోజున ఇద్దరిని పంపారు. ఆ రోజు పొద్దున మీ పెద్దమ్మ నా బూట్లు తనే తుడిచి ఇచ్చింది. ఇచ్చి, ‘వాడి బతుకు ఇవాళ తేలిపోతుంది. మీరు మాత్రం ఏ పిచ్చి పనీ చెయ్యకండి’ అంది. గుర్తుపెట్టుకో ఈ మాట.

ఆ ఇద్దరూ నా గోలు వెనకాలే బెంచీ వేసుకుని కూర్చున్నారు. ఒకాయన చేతిలో గొడుగు, ఇంకొకాయన దగ్గర వేరుశనక్కాయల పొట్లం. మొదటి సగమంతా మా తుర్రు ఆడాడమ్మా, ఏమని చెప్పను! స్టేషను జట్టులో మంచి ఫార్వర్డు ఉన్నాడు, రబ్బరు అనేవాళ్ళు, అంత సాగేవాడు. ఆ రబ్బరుగాడికి ఒక్క బంతి దక్కలేదు. ఎటు తిరిగినా వీడే ఎదురు, అలవాటుగా చేతులు జేబుల్లో పెట్టుకుని, చుట్టపు చూపుగా వచ్చినట్టు. నేను పొంగిపోయి, వీళ్ళేమంటున్నారో అని చెవి వెనక్కి వేశాను. గొడుగాయన, ‘ఇతనేనా గుర్రం గుర్రం అన్నారు?’ అంటున్నాడు. శనక్కాయలాయన నములుతూ, ‘గుర్రమా? పార్కులో తిరుగుతున్న పెన్షనుదారులా ఉన్నాడు. ఒక్కసారి పరిగెత్తితే ఒట్టు’ అన్నాడు. ‘వేగం లేదు అని రాసెయ్. రైలుకి ఇంకా టైముంది, టీ తాగి పోదాం.’

 పరిగెత్తాల్సిన అవసరం రానివ్వడం లేదయ్యా మహానుభావా, అదే గొప్ప, అని అరవాలనిపించింది. గోలీ అరిస్తే ఎవడు వింటాడు? హాఫ్ టైములో మాస్టారు దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఆయన టేపు సర్దుకుని, ‘చూడ్డం వచ్చినవాళ్ళయితే చూస్తారు. రానివాళ్ళ కోసం వాడి ఆట నేను పాడుచెయ్యను’ అన్నాడు. పెద్దమనిషి, ఆయన మాట ఆయనది. సరే, తుర్రుకే చెబుదామని వెళ్ళాను. వాడు నీళ్ళు తాగుతూ, ముఖం వెలిగిపోతూ, ‘బావా, చూశావా? ఇవాళ నాకు చెమట కూడా పట్టలేదు!’ అన్నాడు. ఆ ముఖం చూసి ఎలా చెప్పమంటావ్? చెప్పలేకపోయాను.

రెండో సగంలో గోలుపోస్టులు మారాం కదా, ఆ ఇద్దరూ మైదానం అవతలి చివర పడ్డారు. పావుగంట గడిచింది. ఎవరికీ గోలు లేదు. చూస్తే దూరంగా శనక్కాయలాయన లేచి ప్యాంటు మీద పొట్టు దులుపుకుంటున్నాడు. గొడుగాయన గొడుగు చుడుతున్నాడు. సరిగ్గా అప్పుడు బంతి నా చేతుల్లో ఉంది. తుర్రు నా ఎడమవైపు, గీత దగ్గర. కుడివైపు మైదానం మధ్యలో రబ్బరు ఒంటరిగా, దిక్కులు చూస్తూ. వాడికీ నాకూ మధ్య పురుగు లేదు. బస్సు డిపోలో టైర్లు ఎత్తిన చేతులమ్మా ఇవి, బంతి ఎక్కడ పడాలంటే అక్కడ పడుతుంది. విసిరాను. తిన్నగా రబ్బరు కాళ్ళ దగ్గర పడింది.

జనం ‘హా!’ అన్నారు. మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. రబ్బరుగాడు ఒక్క క్షణం నమ్మలేదు పాపం, తర్వాత పరుగు లంకించుకున్నాడు. అప్పుడు చూశాను, తుర్రు చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఆ పరుగు... ఎలా చెప్పాలి నీకు? చప్పుడు లేదు. ఐసు మోసిన ఒళ్ళు కదా, నడుము పైన ఏదీ కదలదు, భుజం మీద దిమ్మ ఇంకా ఉన్నట్టే. కింద కాళ్ళు మాత్రం కనపడవు. మైదానాన్ని ఐమూలగా కోసుకుంటూ వచ్చాడు. రబ్బరు కాలు ఎత్తాడు కొట్టడానికి, ఆ కాలు దిగేసరికి అక్కడ బంతి లేదు. తుర్రు కాలు తగిలి పక్కకి దొర్లింది. అక్కడ వాళ్ళవాడే ఇంకొకడున్నాడు, మెల్లగా తోశాడు. చంటిపిల్ల తోసినట్టు తోశాడు. నా పక్క నుంచే వెళ్ళింది గోల్లోకి. నేనా? నేను నోరు తెరుచుకుని బామ్మర్దిని చూస్తున్నా. విసరడం కావాలని చేశానమ్మా, ఒప్పుకుంటా. ఆ గోలు మాత్రం కావాలని ఇవ్వలేదు. ఆ పరుగు చూస్తుంటే నేను గోలీనన్న సంగతే మర్చిపోయాను.

ఒక గోలుతో ఓడిపోయాం. అవతలి చివర గొడుగు నేల మీద పడి ఉంది, ఇద్దరూ నిలబడి ఉన్నారు. సాయంత్రమే తుర్రుకి మిల్లు ఉద్యోగం కాగితం ఇచ్చారు. నాకూ ఇచ్చారు ఊరివాళ్ళు, ‘చిల్లుచేతులు’ అని బిరుదు. ఇప్పటికీ పాతవాళ్ళు కొందరు అలాగే పిలుస్తారు, నువ్వూ వినే ఉంటావ్. మాస్టారు నా దగ్గరికొచ్చి, నా అరచేతులు తిప్పి తిప్పి చూసి, టేపు పెట్టి కొలిచాడు. ‘చిల్లేమీ కనపడలేదే’ అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఇంటికొస్తే మీ పెద్దమ్మ ఒక కంట ఆనందం, ఒక కంట నిప్పులు. ‘ఏ పిచ్చి పనీ చెయ్యకండి అన్నానా లేదా? నా తమ్ముడు కాబట్టి మీ చేతకానితనాన్ని దాటుకుని నెగ్గుకొచ్చాడు!’ అని. నిజమేనే అన్నాను. ఏమంటాను? అసలు సంగతి చెబితే తుర్రుకి తెలిసిపోతుంది. బావ దయతో వచ్చిందని అనుకుంటాడు. వాడి కాళ్ళతో వాడు తెచ్చుకున్నది కదా!

మిల్లులో పన్నెండేళ్ళు ఆడాడు. ఆరో ఏట మోకాలు పోయింది. ఇక అయిపోయింది, ఇంటికొచ్చేస్తాడు అనుకున్నాం. ఎక్కడ! ఇంకో ఆరేళ్ళు ఆడాడు ఆ మోకాలితోనే, అరఅంగుళం పరుగు లేకుండా, మాస్టారి నిక్కరు ధర్మమా అని. సెలవుల్లో వచ్చినప్పుడు ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చునేవాడు. వీధిలో ఎవరైనా ‘ఏం చిల్లుచేతులూ, బాగున్నావా?’ అంటే అందరూ నవ్వేవాళ్ళు. వీడు నవ్వేవాడు కాదు. లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. చివరిసారి వచ్చినప్పుడు, ఒంట్లో అప్పటికే బాగాలేదులే, ఇద్దరమే ఉన్నాం. చాలాసేపు నా చేతులకేసి చూస్తూ కూర్చున్నాడు. ‘బావా, ఆ రోజు నువ్వు విసిరిన బంతి...’ అన్నాడు. ‘ఏ బంతిరా?’ అన్నాను. ‘ఏం లేదులే బావా’ అన్నాడు. అని నా చెయ్యి తీసుకుని...

ఆఁ, వచ్చావా! ఏం లేదే, అమ్మాయికి ఆట సంగతులు చెబుతున్నా. అవునే, అవును, నా చేతులకి చిల్లే, నీ తమ్ముడే నిలబెట్టాడు మన పరువు, అదే చెబుతున్నా. అమ్మాయికి చక్కెర తక్కువ వేశావా? తాగు తల్లీ, చల్లారిపోతుంది. అది సరేగానీ, ఎల్లుండి వేసుకునే నీ నిక్కరుకి జేబులున్నాయా?