వదిలేసిన పేజీ కోసం మళ్లీ చదివిన సౌభాగ్య గారు

1990 ఆగస్టు పదమూడవ తేదీ, సోమవారంనాడు, గృహవిజ్ఞాన శాస్త్రంలో పట్టభద్రురాలైన శ్రీమతి సౌభాగ్య గారు తెక్కలకోట బస్సు దిగి నేరుగా వచ్చి, బళ్లారిలోని మన ఆసుపత్రి వంటశాల పర్యవేక్షకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు, ఈ మూడింటి నడుమ చదువును గట్టెక్కించి, తమ ఇంటినుండి ఉద్యోగానికి వచ్చిన తొలి మహిళ ఆమె. ముప్పై ఐదేళ్ల సేవానంతరం ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేయనున్న సందర్భంలో అభినందన వ్యాసం రాయమని ఆసుపత్రి సంచిక సంఘంవారు ఆదేశిస్తూ, మంచి మాటలే రాయమని కూడా సూచించారు. ఆ సూచన చెవిన పడగానే సౌభాగ్య గారు, స్టోరు గుమాస్తాగా ఇరవై ఏళ్లకు పైగా తమతో పనిచేసిన ఈ వ్యాసకర్తను పిలిపించారు.

"చిదానందప్పా, కనకప్ప సంగతి రాస్తేనే నా గురించి రాయి. లేకుంటే ఆ పుట ఖాళీగా ఇడిసిపెట్టు" అన్నారు.

కనుక రాస్తున్నాము.

తొలి పద్నాలుగేళ్లు ఆమె ఉద్యోగం వార్డులనుండి వచ్చే చీటీల ప్రకారం సాగింది. పూర్తి ఆహారం, మెత్తని ఆహారం, ద్రవాహారం: చీటీలో ఉండేవి ఈ మూడు మాటలే. డైటీషియన్ అనే ఉద్యోగం పెద్ద నగరాల ఆసుపత్రులలో ఉంటుందని విన్నవారమే తప్ప చూసినవారము కాము. సౌభాగ్య గారు మాత్రం చీటీతో తృప్తిపడక, మంచం మంచానికీ వెళ్లి, ఉప్పు సరిపోయిందా, గంజి వెచ్చగా ఉందా అని విచారించేవారు. రోగులు ఆమెను తమ ఇంటి మనిషిగా భావించి కావలసినది నోరు విప్పి అడిగేవారు.

2004 ఏప్రిల్‌లో సండూరు గనులలో లారీలకు ఖనిజం ఎత్తే కనకప్ప అనే ముప్పై నాలుగేళ్ల కూలీ, మూత్రపిండాలు చెడి, కాళ్లు వాచి మన ఆసుపత్రిలో చేరాడు. చీటీలో ద్రవాహారం అని మాత్రమే ఉంది. ఎండలు మండిపోతున్నాయి.

"నోరు ఎండిపోతాందమ్మా. ఎళనీరు ఇంకొకటి ఇప్పిస్తావా?" అని అతడు అడిగాడు.

ఎంత పుణ్యమోనని సౌభాగ్య గారు రోజుకు ఒకటికి బదులు మూడు లేత కొబ్బరికాయలు కొట్టించి పంపారు. అతడు చేతులెత్తి దండం పెట్టి తాగాడు. మూడవనాటి ఉదయం అతడి గుండె ఆగిపోయింది.

సెలవునుండి తిరిగి వచ్చిన వైద్యుడు కారణం వివరించారు. కొబ్బరినీళ్లలో పొటాషియం అనే లవణం అధికం. ఆరోగ్యవంతులకు అది మేలే చేస్తుంది. మూత్రపిండాలు పనిచేయనివారిలో అది బయటికి పోక రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. చీటీలో ఎటువంటి నిషేధమూ రాయలేదు గనుక వంటశాలది దోషం కాదని విచారణలో తేల్చి, ఆ దస్త్రాన్ని మూసివేశారు.

సౌభాగ్య గారికి మాత్రం అది మూతపడలేదు. వైద్యుడు కారణం చెప్పిన సాయంత్రమే ఇంటికి వెళ్లి పెట్టె అడుగునుండి డిగ్రీనాటి పుస్తకం తీశారు. మూత్రపిండ రోగుల ఆహారం గురించి అందులో ఒకే ఒక్క పేజీ ఉంది. దాని పక్కన తమ చేతిరాతతోనే పెన్సిలుతో "పరీక్షకు రాదు" అని ఉంది.

కనకప్ప పోయిన పదకొండవనాడు ఆమె ఒంటరిగా సండూరు బస్సెక్కి, అతడి ఊరు వెదుక్కుంటూ వెళ్లారు. అతడి భార్య హులిగెమ్మ, ఇద్దరు పసిబిడ్డలతో గడపలో కూర్చుని ఉంది. సౌభాగ్య గారు ఏదీ దాచకుండా చెప్పారు.

"నువ్వు సదువుకున్న దానివే గదమ్మా?" అని హులిగెమ్మ అడిగింది.

"సదివినాను. ఆ పేజీ ఒకటి సదవలేదు."

"అయితే ఈడ ఏం చేస్తాండావు? పో. పోయి సదువు."

ఆ మాట శాపమో ఆజ్ఞో తమకు నేటికీ తెలియదని సౌభాగ్య గారు అంటారు. జీతం లేని సెలవుకు దరఖాస్తు పెట్టారు. భర్త హంపన్న గారు విని నివ్వెరపోయారు.

"పిల్లోళ్లు సదివే వయసులో నువ్వు సదువుతావా? ఇంట్లో వంట యారు చేస్తారు?"

"నువ్వే. ఏడాదిన్నర."

హంపన్న గారు చేశారు. ఆ ఏడాదిన్నరలో ఉడకని బియ్యం తిని పిల్లలిద్దరూ అమ్మ చదువు త్వరగా పూర్తికావాలని అందరు దేవుళ్లకూ మొక్కుకున్నారని వారి కుమార్తె చెబుతారు.

బెంగళూరులో ఒక ఏడాది ఆహారచికిత్సలో పీజీ డిప్లొమా, తరువాత ఆరు నెలలు పెద్ద ఆసుపత్రిలో శిక్షణ. తోటి విద్యార్థినులు కూతుళ్ల ఈడువారు. ఆంటీ అని పిలిచేవారు. మూత్రపిండాల వార్డులో అడుగుపెట్టిన తొలిరోజున ఒక రోగి మంచం పక్కన కొబ్బరికాయ కనబడగా, ఎవరినీ అడగకుండా దాన్ని లాక్కుని బయటికి వచ్చి, మెట్లమీద కూలబడి ఏడ్చారు. ఇక రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షలో జీవరసాయన శాస్త్రం రెండుసార్లు దెబ్బతీసింది. 2009లో, మూడవ ప్రయత్నంలో, నలభై నాలుగవ ఏట ఉత్తీర్ణులయ్యారు.

ఇక్కడ శుభవార్త రాయాలని మాకూ ఉంది. ఆ అర్హతకు తగిన పదవి మన ఆసుపత్రిలో సృష్టించబడలేదు. ఆమె పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. చేరిననాటి హోదాతోనే విరమిస్తున్నారు. రక్తపరీక్ష ఫలితం చూడనిదే ఏ మూత్రపిండ రోగికీ పళ్లెం కదలదని ఆమె నియమం పెట్టినప్పుడు, వంటామె మాకు చెప్పేదేమిటని కసిరినవారున్నారు. ఆమె వాదించక, పళ్లెం మాత్రం కదలనిచ్చేవారు కారు. అయినా మరణాలు ఆగలేదు. తగ్గాయని మాత్రం చెప్పగలము. వచ్చే నెలనుండి ఆ ఫలితాలు ఎవరు చూస్తారో మాకు తెలియదు.

2010లో గుత్తేదారు పంపిన కొత్త వంటవారిలో హులిగెమ్మ కూడా వచ్చింది. సౌభాగ్య గారు పిలిపించలేదు; బిడ్డల చదువుకోసం ఆమే పని వెదుక్కుంటూ వచ్చింది. పదిహేనేళ్లుగా ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర పనిచేస్తున్నారు. పని మాటలు తప్ప వేరే మాటలు వారి మధ్య మేము వినలేదు. సౌభాగ్య గారిని క్షమించారా అని ఈ వ్యాసం నిమిత్తం హులిగెమ్మ గారిని అడిగాము. ఆమె గరిటె దింపకుండానే బదులిచ్చారు.

"లేదప్పా. అబద్ధం యాల సెప్పల్ల? మా ఆయప్ప పాయె. కానీ తప్పు నాదని నా గడపకు వచ్చి సెప్పింది ఆయమ్మ ఒక్కతే. ఆయమ్మ నూరేండ్లు బతకల్ల. మా ఆయప్పను దినామూ తలుసుకునేది, నేను గాక, ఆయమ్మ ఒక్కతే ఉండాది."

హులిగెమ్మ గారు కోరిన ఆ నూరేళ్లూ సౌభాగ్య గారికి సంపూర్ణ ఆరోగ్యంతో, హంపన్న గారి సాహచర్యంలో, కంటినిండా నిద్రతో గడవాలని మన వంటశాల పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాము.