కూర్చున్న చోట పదమూడు వేల అడుగులు

"నడకంటే మీకేం తెలుసురా? మూడు నెలల కింద మన డిపో డాక్టరుగారు నాకో చేతిపట్టీ ఇచ్చి, రోజూ నడవాలయ్యా, ఎన్ని అడుగులేశావో ఇది లెక్కపెట్టి నీ ఫోనుకి పంపుతుంది, మూడు నెలల్లో పొట్ట తగ్గకపోతే స్టీరింగు ముట్టనివ్వను అన్నారు. ఎవరితో? నాతో! ఇరవై ఆరేళ్లు బస్సు నడిపినవాడితో! సరే, చూసుకుందాం అని మర్నాడే ఇంటి నుంచి డిపోకి నడిచొచ్చేశాను. రెండంటే రెండు కిలోమీటర్లు, అంతే."

డిపో గేటు పక్క టీ కొట్టు. రెండు స్టూళ్లు దగ్గరికి జరుపుకుని కూర్చున్న ఆ డ్రైవర్ని, గొంతును బట్టి, అందరూ హారన్ అంటారు. మూడు నెలల గడువు రేపటితో సరి.

"రెండు కిలోమీటర్లే? మొన్న మా షెడ్డు దాకా రావడానికి రెండుసార్లు ఆగావు కదన్నా!" అన్నాడు మెకానిక్.

"మధ్యలో బ్రేకు వెయ్యకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రుచి మరిగిన కాళ్లు ఊరుకుంటాయా? నాలుగో రోజు ఏడో నంబరు బస్సు నా పక్కనే వస్తోంది. నేను నడుస్తున్నాను, పరిగెత్తడం లేదు, అది గమనించండి. స్టాపు స్టాపుకీ నేనే ముందు. జనం చూసి చూసి, బస్సు దిగిపోయి నా వెనక పడ్డారు. పాపం కండక్టరు, నా వెనకే పరిగెడుతూ టిక్కెట్లు కొట్టుకున్నాడు."

"మరి టీలో నాలుగు చెంచాల పంచదార మానలేదేం?" అంది టీ కొట్టావిడ.

"ఇంజనుకి డీజిలు వద్దా అమ్మా? ఇంకో బన్ను కూడా ఇవ్వు. పదకొండు గంటలు సీట్లోంచి లేవని బతుకు నాది. స్టాపుకో టీ, టీకో బన్ను, డ్యూటీ దిగాక కడుపు పట్టినంత తిని అలాగే పక్కమీద పడటం. ఇరవై ఆరేళ్ల కొవ్వు, మూడు నెలల్లో హారతికర్పూరం! మందుల షాపు దగ్గర బరువు మెషీనెక్కితే ముల్లు సున్నా దాటి వెనక్కి తిరిగింది. షాపాయన హడలిపోయి, జేబుల్లో రెండు ఇనప నట్లు వేసుకోండి సార్, గాలికి పోతారు అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నట్లు మర్చిపోయాను, గాలొచ్చింది! డాబా మీద నుంచి లేచిపోతుంటే మా ఆవిడ కాలు పట్టి లాగి, చొక్కాతో పాటు దండెం మీద ఆరేసింది. సాయంత్రం దాకా ఆరుతూనే ఉన్నాను."

"దండెం తెగలేదూ?" అన్నాడు మెకానిక్.

"నమ్మరని తెలుసు. ఇదిగో సాక్ష్యం!" ఫోను బల్లమీద పెట్టాడు. "ఇవాళ్టి అడుగులు. పదమూడు వేల నాలుగు వందల పది. రేపు డాక్టరుగారి ముందు కూడా ఇదే పెడతాను, నోరెత్తమనండి చూద్దాం!"

ఫోను మీదికి వంగిన మెకానిక్ నవ్వు ఆగిపోయింది. "అన్నా, నువ్వు కూర్చునే ఉన్నావు. అంకె పెరుగుతోందే?"

నాలుగు వందల ముప్పై. నలభై. తలెత్తి చూస్తే, టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని డిపో ఆవరణలోంచి హారన్ బావమరిది వస్తున్నాడు. బావ బస్సుకే కండక్టరు. రోజంతా బస్సులో ఆ కొస నుంచి ఈ కొసకి తిరగడమే అతని పని. అతను వచ్చి బల్ల దగ్గర ఆగాడు. అంకె కూడా ఆగింది.

అతను మణికట్టు మీది పట్టీ విప్పి బన్ను పక్కన పెట్టాడు. "ఇంక నా వల్ల కాదు బావా. రేపు డాక్టరుగారికి నేనే చెప్పేస్తాను."

"నీకేమైనా మతిపోయిందా? నా ఉద్యోగం పోతే మీ అక్క ఏమవుతుంది?"

"నిన్న కొండమలుపులో నీ తల వాలిపోయింది. నేను భుజం పట్టి కుదపకపోతే అందరం లోయలో ఉండేవాళ్లం. వెనక నలభై మంది ఉన్నారు బావా. నిద్రలో నీకు ఊపిరి ఆగి ఆగి వస్తోందని అక్క రోజూ కాపలా కూర్చుంటోంది. నీ బదులు నేను నడిచాను. తప్పే. నీ బదులు ఊపిరి ఎవరు పీలుస్తారు?"

హారన్ పట్టీ తీసి తన మణికట్టుకి చుట్టుకున్నాడు. రెండు కొసల మధ్య బొటనవేలంత ఖాళీ మిగిలింది.

"ఇచ్చిన రోజే కట్టి చూశాను రా," అన్నాడు, పక్కవాళ్లకి కూడా వినబడనంత మెల్లగా. "చివరి చిల్లు కూడా అందలేదు. పెద్దది ఇమ్మని డాక్టరుగారిని అడగడానికి సిగ్గేసింది."

బావమరిది ఆ పట్టీని ఆయన చొక్కా జేబులో వేసి చెయ్యందించాడు. "లే బావా. ఇంటికి నడిచిపోదాం. ముందు అక్కతో చెబుదాం."

రెండు చేతులూ బల్లకి ఆనించి లేచాడు హారన్. ఫోను మర్చిపోయి వెళ్లాడు. మెకానిక్, టీ కొట్టావిడ దాన్నే చూస్తున్నారు. అంకె కదిలింది. ఒకటి, రెండు, మూడు. పందొమ్మిది అడుగులు పెరిగి ఆగిపోయింది.

"ఆగిందేం?" అంది ఆవిడ.

హారన్ గేటు స్తంభం పట్టుకుని వంగి, ఊపిరి అందక రొప్పుతున్నాడు. బావమరిది ఆయన వీపు నిమురుతున్నాడు.