గొడుగు ఎత్తుకెళ్లినవాడు

కోర్టు ఎదుటి టీకొట్టులో హెడ్డుగారు బల్లెక్కి కూర్చున్నారంటే, ఇక కోతలకు కొడవలి అక్కర్లేదు. హెడ్ కానిస్టేబులుగా రిటైరైపోయారు గానీ, నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఇవాళ ఆయనా సాక్షే, టీకొట్టు నడిపే ఆమె కూడా సాక్షే. వాయిదాల మీద వాయిదాలు పడీ పడీ, కేసు ఈ మధ్యాహ్నం పిలుపుకొచ్చింది.

ఆమెకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు. దొంగతనం జరిగిన తెల్లవారుజామున కొట్టు తెరుస్తూ ఆమె చూసిందల్లా, సైకిల్ షాపు తాళం పగలగొట్టి మంచులో పారిపోతున్నవాడి వీపు. వాంగ్మూలం రాసుకుంటూ హెడ్డుగారు, "కుంటుకుంటూ పరిగెత్తాడు కదమ్మా?" అన్నారు. బెదురులో "ఆఁ" అనేసింది. ఇప్పుడు కళ్లు మూస్తే ఆ వీపు కుంటుతూనే కనిపిస్తోంది. వీధిలో కుంటే మనిషి పంక్చర్లు వేసే అతనొక్కడే. ఆ "ఆఁ" పుణ్యమా అని జైల్లో ఉన్నాడు.

"సాక్షి చేత చెప్పించడం ఒక విద్యరా అబ్బాయ్," హెడ్డుగారు పక్కన టీ తాగుతున్న కోర్టు టైపిస్టు కుర్రాడి వైపు తిరిగారు. "ఒకడు లారీ నంబరు గుర్తులేదన్నాడు. గద్దించానా? లేదు. మంచినీళ్లిచ్చి ఊరుకున్నా. గ్లాసు దించేలోగా నంబరు చెప్పేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"డ్రైవరు జాతకం కూడా చెప్పాడా బాబాయ్?"

"టైర్లలో గాలెంతుందో చెప్పాడు! అదేం చూశావ్. ఇంకో కేసులో, దొంగతనమప్పుడు సాక్షి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. వాణ్ణి నా ఎదుటే మళ్లీ పడుకోబెట్టి, గురకలోంచే దొంగ పేరు, ఊరు, అత్తగారి ఊరు రాబట్టా. ఆ గురక విని జడ్జిగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అదీ చిన్నదే. ఒక ముసలాయనైతే నా ప్రశ్నల ధాటికి, రేపు జరగబోయే దొంగతనానికి ఇవాళే సాక్ష్యం చెప్పేశాడు!"

"మరి రేపు దొంగ రాకపోతే?"

"రాకేం చేస్తాడు? పెద్దాయన మాట పోతుందని మొహమాటపడి వచ్చి మరీ చేసిపోయాడు!"

ఆయన చేతులూపుతుండగా, బల్లకు ఆనించిన ఆయన గొడుగును టీకొట్టామె మెల్లగా తీసి పాలడబ్బాల వెనక పెట్టింది. కాసేపాగి, అలసిన గొంతుతో అడిగింది:

"అన్నా, మీ గొడుగేదీ? ఇందాక మీ పక్కన కూర్చున్న మీసాలాయన పట్టుకుపోయినట్టున్నాడే. బూడిదరంగు చొక్కా. చూశారు కదా?"

"చూడకేం!" హెడ్డుగారు బల్ల చరిచారు. "మెలితిప్పిన మీసం, ఎడం చెంప మీద పుట్టుమచ్చ. వాడు కూర్చున్నప్పుడే అనుకున్నా, చూపు మంచిది కాదని!"

టైపిస్టుకు టీ పొలమారింది. ఆమె గొడుగు తీసి హెడ్డుగారి ఒళ్లో పెట్టింది.

"ఎవరూ రాలేదన్నా. పొద్దుట్నుంచీ మీ పక్కన కూర్చున్నది మీ గొడుగొక్కటే."

కోర్టు వరండాలోంచి బంట్రోతు కేక వినిపించింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అక్కా, లోపల ఏం చెప్తావ్?" అన్నాడు టైపిస్టు.

"వీపు చూశానని చెప్తా. ఆ కుంటు మాత్రం అన్న వేసిన ప్రశ్నలోంచి వచ్చిందని చెప్తా."

కాళ్లు ఈడ్చుకుంటూనే నడిచింది గానీ, వెనక్కి చూడలేదు.

హెడ్డుగారు గొడుగును అటూ ఇటూ తిప్పి చాలాసేపు పరిశీలించారు. తర్వాత టైపిస్టు చెవిలో గొంతు తగ్గించి అడిగారు:

"అదంతా సరేరా. ఆ పుట్టుమచ్చవాడు గొడుగు మళ్లీ తెచ్చి ఎందుకు పెట్టినట్టు?"