గొంతు ఆమెది, సంతకం ఎవరిది

"అమ్మమ్మా, గీ ఫొటోల నీ పక్కకు నిలవడ్డ నల్లామె ఎవలు? మెడ మీద గంత పెద్ద గీత ఉన్నదేంది?"

నల్లామె అంటవేందే స్వప్నా? నువ్వేమన్న పాలల్ల ముంచి తీసినట్టున్నవా? ఆమె పేరు రూడో. పాటలు పాడేది. గా గీత ఆపరేషన్‌ది. నువ్వు గూడ నర్సువైనవు గదా, చెప్తే నీకు సమజైతది. ఫోన్ల రికార్డు చేస్తే చెయ్యి గని, నడుమ నడుమ ఊఁ కొట్టు. లేకుంటే గోడకు చెప్పినట్టుంటది.

మీ తాత లెక్కల సారు గదా. జాంబియాకు స్వతంత్రం వచ్చినంక బళ్లల్ల సార్లు కావాల్నని మన దిక్కు నుంచి గూడ తీసుకుంటుండిరి. ఈయన ముందుగాల పోయిండు. రెండేండ్లకు... కాదు కాదు, ఏడాదిన్నరకు, మీ అమ్మను చంకల వేసుకొని నేను పోయిన. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు బస్సు టికెట్ అప్పుడు ఎనిమిదో తొమ్మిదో రూపాయలు. బస్టాండ్ల మా అవ్వ ఒకటే ఏడుపు, సముద్రం దాటితే మనిషి మల్ల రాడని. నేను మిషన్ దవాఖానల నర్సు చదువు చదివిన గదా, అక్కడ ఆపరేషన్ వార్డుల కొలువు దొరికింది.

పక్కనే, నది అవతల, రొడీషియా. ఇప్పుడు జింబాబ్వే అంటున్నరు. అక్కడ ఇంకా తెల్లోళ్లదే రాజ్యం. పారిపోయి వచ్చినోళ్లు జాంబియాల మస్తుమంది. వాళ్ల ఉద్యమానికి రేడియో ఉంటుండె. పొద్దుగూకంగ వేస్తే నది అవతల వాళ్ల దేశంల వినొచ్చేది. విన్నోళ్లను గూడ పోలీసులు పట్టుకపోయేటోళ్లట.

రూడో వార్డుకు వచ్చిన్నాడు మెడ చుట్టు రుమాలు కట్టుకున్నది. లోపల గడ్డ. మన ఆదిలాబాద్ గుట్టల దిక్కు ఆడోళ్లకు గొంతు కింద ఉంటుండె సూడు, గట్లాంటిదే, ఇంకా పెద్దది. ఎల్లెలుకల పండుకుంటే ఊపిరి ఆడకపోయేది. కూసుండే నిద్రపోయేది. నేను మంచం చూపెట్టిన. "కొంచెం నీళ్లు ఇస్తరా" అన్నది, గంతే. పక్క మంచం మీద ఒక ముసలామె, కడుపు ఆపరేషన్ అయినామె, అసలు లేవద్దని చెప్పినం, ఆమె లేచి కూసున్నది. వాళ్ల భాషల ఏందో అన్నది. వార్డంత గుసగుస. ఏందని అడిగితే వార్డు ఊడ్చే ఆయమ్మ చెప్పింది, రేడియోల పాడేటామె ఈమెనే అని. మొఖం ఎవలు చూడలే బిడ్డా. నీళ్లు అడిగిన గొంతును బట్టి పోల్చుకున్నరు.

ఆమె కథ ఇంగ్లీషుల ముక్కలు ముక్కలుగ చెప్పింది. వాళ్లమ్మ ఒక తెల్లదొర పొగాకు చేన్ల కూలి. తాతకు ఎంబిర అని ఒక వాయిద్యం. చెక్క మీద ఇనుప రేకులుంటయి, బొటనవేళ్లతోని మీటుతరు. అది సైతాన్‌దని మిషన్ బడోళ్లు అన్నరట. ఆయన మక్కల గాదెల దాచిపెట్టి, వాళ్లు లేనప్పుడు తీసి వాయించేటోడట. నాకు నవ్వొచ్చింది. మా తాత బాప్తిస్మం తీసుకున్ననాడు ఆయన డప్పును గూడ గట్లనే వద్దన్నరు. గది చెప్తే ఆమె నవ్వింది, నేను నవ్విన. దమ్ము అందక దగ్గొచ్చేదాంక నవ్వింది. గప్పటిసంది మాకు దోస్తానా.

ఎంబిర ఆడోళ్లు ముట్టుకోవద్దని తాత గూడ అన్నడట. అటు మిషనోళ్లు, ఇటు తాత. ఆమె మిషనోళ్ల దగ్గర పాట నేర్సుకున్నది, తాత పండుకున్నప్పుడు వాయిద్యం నేర్సుకున్నది. పెద్దగైనంక మక్కలు దంచేటప్పటి పాటల రెండు చరణాలు కలిపింది, "ఈ ఇల్లు ఎవలది, తలుపు ఎవలు మూసిండ్రు" అని. ఇల్లంటే దేశమని చిన్న పిల్లలకు గూడ తెలుసు. పోలీసులకు సమజుగానీకె ఆర్నెల్లు పట్టింది. మొగడు రైల్వేల యూనియన్ మనిషి, ఆయనను ముందుగాల జైల్ల వేసిండ్రు. ఈమె కోసం వచ్చేసరికి బిడ్డను తల్లి దగ్గర విడిచిపెట్టి నది దాటింది.

రేడియోల ఆమె పాటకు ముందు వాళ్ల పెద్దాయన అరగంట మాట్లాడేటోడు. పేరు చెప్ప, తర్వాత పెద్ద కుర్సీల కూసున్నడు. జనం రేడియో పెట్టేది పాటకు. ఆయన అనుకునేది తన మాటలకని. పాట రికార్డు అయినంక ఆఫీసుల పదిమందికి వంట గూడ ఈమెనే. దేశానికి స్వతంత్రం తెచ్చేటోళ్లకు గంజి కాసుకునుడు రాదాయె.

ఆఁ, ఆపరేషన్ గురించి గదా చెప్తున్న. డాక్టర్ చూసిండు. ఇంగ్లండాయన, మంచోడే. గడ్డ ఊపిరి గొట్టాన్ని నొక్కుతున్నది, జల్ది తీయాలె, ఆలస్యమైతే ఇంకా కరుసుకుంటది అన్నడు. మాట నరం దాని పక్కపొంటే పోతది గదా, అందుకని గొంతు ఎట్లుంటదో చెప్పలేనన్నడు. ఆమె "తీయుండ్రి" అన్నది.

గప్పుడు నేనొక పని చేసిన. మీ తాతకు గూడ చెప్పలే, ఆయన పోయినంక ఇగో నీకే చెప్తున్న. సంతకం కాయితం మీద 'భర్త లేదా తండ్రి' అని అచ్చు కొట్టి ఉంటుండె. తండ్రి సచ్చిపోయిండు, మొగడు జైల్ల. ఆ డాక్టర్ దాన్ని పట్టించుకునేటోడు కాదు, ఆమెతోనే పెట్టించేటోడేమో. నేను మన కరీంనగర్ల ఏం నేర్సుకున్న? ఆడిదాని కాలి వేలు కొయ్యాలన్నా మొగని సంతకం. మొగోని కడుపు కోస్తే ఎన్నడన్న పెండ్లాన్ని అడిగినమా? అడగలే. గని అప్పుడు నాకు గా సోయి యాడిది? సంతకం పెట్టేటోళ్లు కావాలె, ఎవలన్న రాండ్రి అని వాళ్ల ఆఫీసుకు నేనే కబురు పంపిన. ఆమెను ఒక్క మాట అడగకుండ.

పెద్దాయన వచ్చిండు. తలకు టోపీ, చేతుల కట్టె. కాయితం చదివిండు, మడతపెట్టిండు, జేబుల వేసుకున్నడు. "ఇప్పుడు కాదు. లడాయి నడుమల ఉన్నం. ఈ గొంతు ఆమె ఒక్కదానిది కాదు, దేశానిది" అన్నడు.

రూడో గోడకు ఆనుకొని కూసున్నది. "మరి దమ్ము ఎవలకు ఆడుతలేదు, దేశానికా?" అన్నది.

ఆయనకు నవ్వు రాలే. ముసలామె మాత్రం కుట్లు పట్టుకొని నవ్వింది.

మూడు వారాలు, బిడ్డా. సంతకం పెట్టేదాంక పాడనన్నది ఈమె. పాడేదాంక పెట్టనన్నడు ఆయన. డాక్టర్ రెండుసార్లు అడిగిండు. ఉద్యమపోళ్లతోని లొల్లి వద్దని మా పెద్ద మేట్రన్ ఆపింది. నేను రోజు ఆమె వీపు వెనుక దిండ్లు సర్దుకుంట, నేనే పిలిచిన్నని చెప్దామనుకుంట, చెప్పకుంట. ఆయనకు ఎట్ల తెలిసిందో అని ఆమె ఒక్కనాడు గూడ అడగలే. అడగకపోవుడుతోనే నాకు ఇంకా పరేషాన్.

ఒకనాడు పగటీలి బువ్వ పెడుతున్నరు, ఆమె ఉన్నట్టుండి గొంతు పట్టుకున్నది. గోర్లు నీలంగైనయి. నేను దవాఖాన ఆఫీసులకు ఉరికి కొత్త కాయితం తెచ్చిన. 'భర్త లేదా తండ్రి' మీద అడ్డంగ గీత కొట్టి, పెన్ను ఆమె చేతుల పెట్టిన. ఆమె పెన్ను దిక్కు చూసింది. నా మొఖం దిక్కు చూసింది. గంత కష్టంల గూడ జరసేపు చూసింది. చూసి పెట్టింది సంతకం, పేరంత, అక్షరం మింగకుండ. డాక్టర్ కాయితం చూసిండు, గీత చూసిండు, చేతులు కడుక్కోనీకె పోయిండు. మేట్రన్ నాకు మెమో ఇచ్చింది. ఇస్తే ఇచ్చింది.

బతికింది. గొంతు పోయింది. మాట పోలే, పాట పోయింది. ఇసుక మీద చాట గుంజినట్టు బొంగురు. మూడు వారాల ముందు చేస్తే నరం దక్కేదా అని డాక్టర్‌ను అడిగిన. "దక్కేదేమో, దక్కకపోయేదేమో" అన్నడు. గా 'దక్కేదేమో' ఇప్పటిదాంక నా లోపల్నే ఉన్నది.

రేడియో ఆగిందనుకున్నవా? పాత రికార్డులే వేసిండ్రు. వార్డుల ఒకనాడు పొద్దుగూకంగ ఆమె పాట వచ్చింది. కట్టు కట్టిన మెడతోని కూసొని మొత్తం విన్నది. వార్డంత ఆమె దిక్కే చూస్తున్నది. అయిపోయినంక, "మంచిగ పాడుతది" అన్నది, పరాయి మనిషి గురించి చెప్పినట్టు. ఆయమ్మ బయటికి పోయి ఏడ్సింది.

తర్వాత శరణార్థుల క్యాంపుల ఆడపిల్లలకు ఎంబిర నేర్పింది. క్యాంపు పెద్దలు గునిసిండ్రు, మొగోళ్ల వాయిద్యం ఆడపిల్లలకేందని. ఆమె బొంగురు గొంతుతోని తిడితే ఇంకా భయం పుట్టేదట.

మేము ఇటు వచ్చేసినం. వాళ్లకు స్వతంత్రం వచ్చింది. ఒక ఉత్తరం రాసింది. పెద్ద మైదానంల సభ పెట్టి ఈమెను పిలిచిండ్రట. పాత రికార్డు వేస్తం, నువ్వు పెదవులు కదుపు చాలు అన్నరట. ఈమె మైకు దగ్గరికి పోయి రికార్డు ఆపమని చెయ్యి ఊపి, ఉన్న గొంతుతోనే ఎత్తుకున్నది. "ఈమె ఆమె కాదు, దింపుండ్రి" అని జనం ఒర్రిండ్రట. "ఆఖరి చరణందాంక పాడిన. రెండుసార్లు తప్పు పోయింది" అని రాసింది.

అది చదివినంక ఇగ నాతోని కాలే. కూసొని రాసిన. గా పెద్దాయనకు కబురు పంపింది నేనే, నీ గొంతు పోవుడుల నా చెయ్యి ఉన్నది, అని. పోస్టుల వేసినంక ఏడాదిదాంక జవాబు లేదు. పోస్టుమన్ వస్తే అందరికంటె ముందుగాల నేనే వాకిట్లకు ఉరికేది. మీ తాత ఏంది ఏంది అంటే, పింఛన్ కాయితం అని అబద్ధం చెప్పిన.

వచ్చింది. చిన్న కాయితం. "నాకు తెలుసు. ఆయన ఆ రోజే చెప్పిండు, మీ ఇండియా నర్సుకు బుద్ధి ఉన్నది, ముందుగాల మమ్ముల అడిగింది అని. తెలిసే నీ చేతుల పెన్ను తీసుకున్న. ఆ గదిల ఇంకో పెన్ను లేకుండె." గంతే రాసింది. కింద పేరు, అక్షరం మింగకుండ.

మాఫ్ చేసిన్నని రాయలే. ఎన్నిసార్లు చదివినా గా మాట లేదు. రాయకపోవుడే మంచిగైందని ఈ మధ్యనే అనిపిస్తున్నది, ఎందుకో నాకు గూడ తెల్వది.

ఏందే, కండ్లు తుడుసుకుంటున్నవు? నూరేండ్లు సల్లగ బతుకు బిడ్డా. మంచిర్యాలల నీ వార్డుకు ఎవలన్న ఆడామె వస్తే, మంచం మీద పండుకున్న మనిషిని ముందుగాల అడుగు. మొగడు బయట చాయ్ తాగుతుంటడు... తాగనీ జర.