షెడ్డులో కాగే బండి

(కోలారు బంగారు గనుల దగ్గరి కోరమండల్‌లో పాత గని కార్మికుల ఇళ్ళ వరస. రేకుల షెడ్డులో బానెట్టు లేని ఒక పాత కారు. దాని ముందు తెలుగు అయ్యవారు పురుషోత్తమ్. గడప మీద ఆయన భార్య నాగరత్న.)

"ఆపండి, ఆపండి! ముల్లు ఎర్రగీత దాటింది."

"దాటలేదు. గీతను ముట్టుకుంది, అంతే."

"ముట్టుకునేదానికీ దాటేదానికీ తేడా బళ్ళో చెప్పుకోండి. ఆవిరొస్తా ఉండాది, ఆపండంటే!"

"ఆపినాను లే. ఆపినాను. సరే... మళ్ళా కాగింది."

"కాగింది అంటే మామూలుగానా? కాఫీకి సరిపోతాది. పొడి తెచ్చేదా?"

"తే. ఇంగ దేనికీ పనికిరాని మనిషిని. కాఫీ అన్నా కాచినానని పేరొస్తాది."

"మూత ముట్టద్దు! పోయినసారి చెయ్యి కాల్చుకుంటిరి."

"చెయ్యి కాదు, గుడ్డ కాలింది."

"ఆ గుడ్డలో చెయ్యుండె."

"రత్నా, నువ్వు గడప మీద కూర్చోని తప్పులు దిద్దేది నిలిపితే, నేను ఇక్కడ ఏం తప్పు చేసినానో చూసుకుంటాను. రేడియేటరు కడిగినా. థర్మోస్టాటు మార్చినా. పైపులు మార్చినా. బెల్టు బిగించినా. ఫోన్‌లో వీడియో పెట్టే ఆ తెల్లోడు చెప్పిందంతా చేసినా."

"ఆ తెల్లోడు చెప్పింది మీకు అర్థమయ్యిందా?"

"సగం అయ్యింది."

"ఏ సగం?"

"'హలో ఫ్రెండ్స్' అనే సగం."

"అదన్నా అయ్యింది. ఊర్లో ఇంతమంది మెకానిక్కులు ఉండారు కదా, ఒకర్ని పిలిచి—"

"వద్దు."

"చూసి పోతాడు, అంతే కదా—"

"వద్దన్నా కదా. ఇవి మన పాప ధన్య బిగించిన నట్లు. వేరేవాళ్ళ చెయ్యి పడకూడదు."

"మీ చెయ్యి పడొచ్చా?"

"నాదీ పడకూడదు. నిజమే. పాప బిగించిన పైపు పీకి నేను మళ్ళా బిగిస్తే, అది మెడ పట్టుకున్న మనిషి మాదిరి ఒకపక్కకే చూస్తా ఉండాది."

"దొరలు వదిలేసి పోయిన తుక్కు కారు తెచ్చి, బానెట్టు పీకి, జీపు ఇంజను కూర్చి, దీనికి హాట్ రాడ్ అని పేరు పెట్టినప్పుడే నేను చెప్పింటిని. హాట్ అంటే వేడి అని ఇంగ్లీషు రాని నాకే తెలుసు. పేరులోనే వేడి పెట్టుకుంటే కాగదా?"

"నేను తెలుగులో ఇంగా మంచి పేరు చెప్పినా. తప్తదండం."

"అది విని పాప ఏమనె?"

"'నాయనా, నీ తెలుగుకే ఇంజను కాగుతాది' అనె."

"...నవ్వినారు."

"ఎవరు?"

"మీరే. ఇప్పుడే."

"లేదే."

"సరే, లేదు లెండి."

"లోకేశ్ ఫోన్ చేసినాడా?"

"చేసినాడు."

"యాడ ఉండాడంట?"

"బంగారపేటలో. లారీ పక్కన నిలిపి పానీపూరి తింటా ఉండాడంట. మీ బామ్మర్దికి కారు కంటే అదే ముఖ్యం."

"తిననీ. అంతలోపల ఇంకొకసారి చూస్తా. మాటంటే మాట. ఈ పొద్దు కాగకుండా నిలబడితే ఉంచుకుంటాము. కాగిందంటే లారీకి ఎక్కించి పంపిస్తాము. బెంగుళూరులో లోకేశ్ దీన్ని మంచిగా చూసుకుంటాడు."

"ఆ మాట మీరే అన్నారు. నన్ను అడగలే."

"అడిగింటే ఏమనేదానివి?"

"ఏమీ అనేదాన్ని కాదు."

"అందుకే అడగలే."

"ఊఁ."

"పాపకు జ్వరమొస్తే తగ్గించలేకపోయినా. ఇంజనుకొస్తే తగ్గిస్తానా?"

"ఆ మాట వద్దు."

"సరే. వద్దు. చల్లారింది, నీళ్ళు తే."

"క్యాన్ నీళ్ళేనా?"

"మరి? మన బోరు నీళ్ళు పోస్తే లోపల ఉప్పు పేరుకుంటాదంట."

"మనం ట్యాంకరు నీళ్ళు కాచుకుని తాగేది. దీనికి క్యాన్ నీళ్ళు. మీ బడికి ఇన్‌స్పెక్టరొచ్చినా ఇంత మర్యాద చేసుండరు."

"ఇన్‌స్పెక్టరు ఇంత పొగ వదల్లేదు. పొయ్, మెల్లగా... చాలు. ఇప్పుడు స్టార్టు చేస్తా."

"చేసినా కాగుతాది."

"ఎట్ల చెప్తావు?"

"చెప్తాను అంతే."

"ఎట్ల?"

"షెడ్డులో నిలబెట్టి ఊరికే గర్రుమనిపిస్తా ఉంటే కాగక ఏం చేస్తాది?"

"అంటే?"

"ఏం లేదు. మూత బిగించండి."

"రత్నా."

"ఏం లేదన్నా కదా. అదో, లారీ సద్దు."

"అది గ్యాసు బండి. మాట మార్చద్దు. నిలబెడితే కాగుతాది అంటే, నడిపితే కాగదా?"

"ముందు మూత బిగించండి అంటే."

"రత్నా, వాడు వచ్చేస్తాడు. తెలిసింటే చెప్పు."

"అట్ల వంగి చూడండి. ఇంజనుకూ రేడియేటరుకూ నడుమ ఏముండాది?"

"ఏమీ లేదు."

"అదే. అక్కడ ఫ్యాను ఉండల్ల. జీపు ఇంజను పొడుగు, ఫ్యానుకు చోటు చాల్లేదని పాప పీకి పక్కన పెట్టింది. చిన్న కరెంటు ఫ్యాను తెచ్చి పెడతాననె. పెట్టేలోపలే... అంతవరకూ రోడ్డు మీద పోతా ఉంటే ఎదురుగాలే చాలు. నిలబెడితే గాలి యాడిది?"

"ఉన్నవన్నీ చూసినాను రత్నా. లేనిదాన్ని ఎట్ల చూసేది?"

"ఎట్ల చూస్తారు."

"'ఖాళీలు పూరింపుము' అని పిల్లోళ్ళకు ఇచ్చి ఇచ్చి తల నెరిసింది. కండ్ల ముందర ఇంత ఖాళీ ఉంటే నాకు కనపడలే. సున్నా. గుండు సున్నా. తండ్రిని పిలుచుకుని రమ్మనల్ల నన్ను."

"సున్నా వద్దు. పైపులు మార్చినారు కదా, ఒకటో రెండో వేస్తాను."

"ఉండు. నీకెట్ల తెలుసు ఇదంతా?"

"పాప చెప్పింది."

"ఎప్పుడు?"

"నేర్పేటప్పుడు."

"ఏం నేర్పేటప్పుడు?"

"మీరు పరీక్ష పేపర్లు దిద్దేదానికి కోలారుకు పోతిరి కదా. అప్పుడు. గని మట్టి పోసిన సయనైడు దిబ్బల పక్క రోడ్డులో. మొదట గేరే పడలే. ఒక మేకను తప్పించబోయి బండిని దిబ్బ మీదికి ఎక్కించినా. పాప దిగి, కడుపు పట్టుకుని నవ్వె."

"నువ్వా? నువ్వు ఈ బండి నడిపినావా?"

"బేతమంగళం దాకా కూడా పోయొచ్చినాము. ముల్లు సగం దాటలే."

"నాకు చెప్పనే లేదే!"

"చెప్తే మీరు భయపడతారని పాపే వద్దనె."

"బాగుండాది. పెండ్లాం బేతమంగళం దాకా కారు తోలుకుని పోయొచ్చె. మొగుడేమో సైకిలు తప్ప రానోడు, షెడ్డులో నిలబడి ఇంజనుకు తడిగుడ్డ వేస్తా ఉండె. నాకంటే ఆ మేకే నయం. దానికన్నా నువ్వు నడిపేది తెలుసు."

"ఎక్కండి. లోకేశ్ వచ్చేలోగా ఒక చుట్టు పోయొస్తాము. కాగకుంటే ఉంచుకుంటామంటిరి. మాటంటే మాట."

"ఎక్కుతా. ఉండు. రత్నా, పాప పోయినకాడినుంచి నేను పొద్దున్నే లేచి దీన్ని స్టార్టు చేస్తా ఉండా. ఇది కాగుతానే ఉండాది. నువ్వు ఈ గడప మీద కూర్చోని చూస్తానే ఉండావు."

"తాళం ఇయ్యండి."

"ఇస్తా. ఇన్ని నెలలు తెలిసీ ఒక్క మాట చెప్పలేదే. నేను పిచ్చోడి మాదిరి ఒకదాని తర్వాత ఒకటి పీకుతా ఉంటే చూస్తా కూర్చుంటివి. యాలా, ఎందుకని?"

"లోకేశ్ వచ్చేస్తాడు, తాళం ఇయ్యండి ముందు."

"ఇదో, తీసుకో. ఇప్పుడు చెప్పు. యాల చెప్పలేదు?"

"ఇది కాగినప్పుడే కదా, మీరు నాతో మాట్లాడేది."