డిన్నర్ అంటే ఎన్నింటికి?

హలో… ఆ, నేనే, లొరేన్‌ని. జెమ్మా వాళ్ళమ్మని.

…ఓహో, ఫెలిసిటీ వదినగారా! ఇప్పటికి గుర్తొచ్చామన్నమాట.

…రెడ్డా, వైటా? ఏ వైను తేవాలా అని అడుగుతున్నారా? అబ్బ, ఏం గుండె ధైర్యమండీ మీది!

…కోపమా? నాకా? ఛఛ, నాకెందుకండీ కోపం. పొద్దున్నే లేచి బీఫ్ ఓవెన్లో పెట్టి, పన్నెండున్నరకల్లా బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, కాబోయే వియ్యపురాలు తొలిసారి మన గడప తొక్కుతోందని మా ఆయన చేత టై కూడా కట్టించా. మా అత్తగారు పోయినప్పుడు కట్టాడు, మళ్ళీ ఇదే! మూడింటిదాకా కిటికీ దగ్గర కళ్ళు కాయలు కాచాయి. ఇంకా కోపమెందుకు?

…ఏడింటికా? రాత్రి ఏడింటికి డిన్నరా?

…ఆ, డిన్నర్ అనే అన్నాను. ఆదివారం డిన్నరుకి రండి, మామూలు వేళకే అన్నాను. మా ఉత్తరాది బార్న్‌స్లీలో పిల్లిపిల్లని అడగండి, డిన్నర్ అంటే మధ్యాహ్నమని చెప్తుంది.

…లంచా? లంచ్ ఏంటండీ, అది సూట్లేసుకున్న వాళ్ళు తినేది. వదినగారూ, నేను ముప్ఫయ్యొక్క ఏళ్ళు బళ్ళో పిల్లలకి వడ్డించాను. రాత్రి కాదు, మధ్యాహ్నం! నన్నేమనేవాళ్ళు? డిన్నర్ లేడీ. మీ దక్షిణాది సర్రే బళ్ళల్లో ఏమంటారు మరి?

…చూశారా! మీరూ డిన్నర్ లేడీ అనే అంటారు! మరి ఆవిడ రాత్రి ఏడింటికొచ్చి బెంచీలకి వడ్డిస్తుందా?

…నవ్వకండి. మీకు నవ్వులాటగా ఉంది, ఇక్కడ నా కూతురి పెళ్ళి ఆగిపోయేలా ఉంది.

…నిజమండీ. ఉంగరం తీసి ఫ్రిజ్ మీద పెట్టేసింది. "మన బల్ల దగ్గర కూర్చోడానికే ఆవిడకి నామోషీ అయితే నాకీ పెళ్ళొద్దమ్మా" అని మేడ మీదికెళ్ళి తలుపేసుకుంది. మీ అబ్బాయి డ్యూటీలోంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తితేగా!

…నేనేమన్నానా? అదీ… నేనూ కాస్త ఆజ్యం పోశాననుకోండి. అబద్ధమెందుకు? పోయిన నెల సంగతి ఎత్తాను.

…ఏ సంగతేంటి! టీకి పిలిచారుగా మమ్మల్ని! టీ అంటే మాకు సాయంత్రం భోజనమండీ. కడుపునిండా. మా ఆయన బారీ ఆ రోజు పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, గొప్పోళ్ళింట్లో విందు, చోటుంచుకోవాలని. రెండొందల మైళ్ళు కారు తోలాడు. మీరేమో కాగితమంత రొట్టెలో కీరదోస ముక్క పెట్టిచ్చి, నిజంగానే కప్పులో టీ పోశారు!

…బాగుంది, చాలా బాగుంది, కాదనను. కానీ పాపం, ఆయన వంటింటి వైపే చూస్తూ కూర్చున్నాడు, అసలు వంటలు ఎప్పుడొస్తాయా అని. మీరేమో వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపారు!

…అవును. దారిలో ఆగి చేపలూ చిప్సూ తిన్నాం. ఆయన రెండు పొట్లాలు.

…సప్పరా? సప్పర్ అంటే పడుకోబోయే ముందు తినే రెండు బిస్కెట్లు. మీ దగ్గరేంటి?

…చుట్టాలు లేనప్పటి డిన్నరా! దేవుడా! అంటే మీ డిన్నర్ మా టీ, మా డిన్నర్ మీ లంచ్, మీ టీ మాత్రం ఉత్త టీ. ఉండండి. లైన్లోనే ఉండండి. జెమ్మా! ఏయ్ జెమ్మా! తలుపు తియ్యవే! ఆవిడ ఏడింటికి అనుకుందటే! వాళ్ళ డిన్నర్ రాత్రటే!… ఒట్టు, నిజం! మన ఊరి హోటల్లో దిగి, తయారై కూర్చుంది, ఏ వైను తేవాలని అడుగుతోంది!

…ఆ, ఉన్నాను. తీసింది తలుపు. మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ నవ్వుతోంది. ఉండండి… వచ్చింది… ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టింది… తొడుక్కుంది! హమ్మయ్య. మీ వాడికే ఫోన్ చేస్తోంది. బతికించారు వదినగారూ. నా నోరు మంచిది కాదు, ఏమనుకోకండి.

…ఏడింటిదాకా ఎందుకు, ఇప్పుడే వచ్చెయ్యండి. మాంసం బోలెడుంది. మాంసంలోకి పొంగించిన పుడ్డింగులే కూలబడ్డాయి, మళ్ళీ పిండి కలుపుతా. రెడ్డే తెండి, లవ్.

…

…హలో? వదినగారూ? లైన్ పోయిందా?

…ఏమన్నాను? లవ్ అన్నానా? అయ్యో, వేరేగా అనుకోకండి. మా వైపు అదో ఊతపదం. బస్సు డ్రైవరూ అంటాడు, మాంసం కొట్టాయనా అంటాడు. పోస్ట్‌మ్యాన్ మా బారీని పట్టుకుని అంటాడు. దానికి అర్థమూ లేదు, పర్థమూ లేదు.

…

…ఏడుస్తున్నారా?

…ఎన్నాళ్ళయింది, అన్నయ్యగారు పోయి?

…ఆరేళ్ళా.

…రోజూ అదే మాటతో పిలిచేవారా?… ఆ తర్వాత మరి ఎవ్వరూ అనలేదా? ఒక్కళ్ళూ?

…

…ఫెలిసిటీ, ఇటు విను. అర్థం లేదన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పోస్ట్‌మ్యాన్ సంగతి నాకు తెలీదు. నేనంటే మాత్రం ఉంది.

…మొహం ఎలా ఉంటే ఏంటి, మాకేం పరాయిదానివా? అలాగే రా. బారీ కారు తీస్తున్నాడు, పావుగంటలో ఉంటాడు. తలుపు దగ్గరికొచ్చి నిలబడు.

…ఆ. మళ్ళీ అనమంటావా?

…లవ్. చాలా? ఇంక ఏడవకుండా రా. పెట్టేస్తున్నా.